చేతికందే చరిత్ర, చేతికందని చరిత్ర: స్టయల్ నూలుమిల్లు ప్రదర్శనశాల – ఒక పరిశీలన

ప్రదర్శనశాల అనగానే తెలుగు పాఠకుని మనస్సులో మెదిలేవి అద్దాల బీరువా, అందులో వరుసగా పేర్చిన శాసనాలో నాణేలో, వాటి పక్కన 'తాకరాదు' అన్న హెచ్చరిక. పెద్ద నగరాలలోని సంగ్రహాలయాలు ఈ రూపాన్ని ఇప్పటికీ చాలావరకు నిలుపుకొన్నాయి. చిన్న ఊళ్ళలో స్థానిక చరిత్ర కోసం వెలసిన ప్రదర్శనశాలల తీరు వేరు. వాటికి రాజుల కిరీటాలు దక్కవు, ఖ్యాతికెక్కిన శిల్పాలు రావు. ఆ ఊరివారు వాడి విడిచిన పనిముట్లు, చేసిన వృత్తులు, బతికిన ఇళ్ళే వాటి సంపద. పనిముట్టును అద్దం వెనుక ఉంచితే అది సగమే కనిపిస్తుంది. దాని బరువు, పిడి నునుపు, అది చేతిని నొప్పించే తీరు కంటికి అందవు. అందుకే గత యాభై అరవై ఏళ్ళుగా ఇటువంటి చిన్న ప్రదర్శనశాలలు సందర్శకుని చేతికి పని చెప్పడం మొదలుపెట్టాయి. దూది ఏకమంటాయి, తిరగలి తిప్పమంటాయి, పలక మీద బలపంతో రాయమంటాయి. ఈ పద్ధతి చరిత్ర బోధనకు చేసిన మేలు ఎంత, అది దాటలేని హద్దు ఎక్కడ అన్నది ఈ వ్యాసంలో చర్చనీయాంశం. ఇంగ్లండులోని చెషైర్ మండలంలో స్టయల్ గ్రామాన ఉన్న క్వారీ బ్యాంక్ నూలుమిల్లు ఇందుకు ఆధారం. తెలుగు నేతగాని కథతో ఆ మిల్లు కథ రెండుమూడు చోట్ల ముడిపడి ఉండటం ఈ ఎంపికకు మరొక కారణం.

తాకడం, తాకనివ్వకపోవడం

తాకనివ్వడం కొత్త ఆలోచన అనుకోవడం పొరపాటు. ఐరోపాలో తొలి ప్రదర్శనశాలలు తాకడాన్ని సహజ హక్కుగానే ఎంచాయి. 1683లో తెరిచిన ఆక్స్‌ఫర్డులోని ఆష్మోలియన్‌ను 1710లో చూసిన జర్మన్ యాత్రికుడు ఉఫెన్‌బాఖ్, జనం ప్రతి వస్తువునూ ఎడాపెడా పట్టుకుంటున్నారని, చివరకు స్త్రీలను కూడా డబ్బు తీసుకొని లోపలికి రానిస్తున్నారని చిరాకుపడ్డాడు. ఆ చిరాకులో వస్తువుల భద్రత ఎంతో, హోదాల పట్టింపూ అంతే. 1786లో బ్రిటిష్ మ్యూజియం చూసిన రచయిత్రి సోఫీ ఫన్ లా రోష్ ప్రాచీనుల అద్దాలను చేతబట్టుకుంది, చితాభస్మపు పాత్రలోని బూడిదను వేళ్ళతో తాకింది. ఆ కాలపు విద్యావంతులకు చూడటమంటే చేతిలోకి తీసుకొని చూడటమే.

పందొమ్మిదవ శతాబ్దంలో ప్రదర్శనశాలల తలుపులు శ్రామిక జనానికి తెరుచుకొన్నాయి, వస్తువులు అద్దాల వెనుకకు వెళ్ళాయి. ఈ రెండూ ఇంచుమించు ఒకే కాలంలో జరగడం గమనింపదగినది. పదిమంది పెద్దమనుషులు తాకితే చెడని వస్తువు పదివేలమంది తాకితే చెడుతుందన్నది నిజమే. కాని పనిచేసే చేతులను పనిముట్లకు దూరంగా నిలబెట్టి చూడమనడంలోని వైచిత్రి అప్పట్లో ఎవరికీ తట్టినట్లు లేదు.

తరువాతి మార్పు పలు దిక్కుల నుంచి వచ్చింది. 1891లో స్టాక్‌హోములో ఆర్టుర్ హాజెలియస్ స్కాన్సెన్ అనే ఆరుబయలు ప్రదర్శనశాలను తెరిచి, పల్లె ఇళ్ళను ఊడదీయించి తెచ్చి నిలబెట్టి, వాటిలో వృత్తిపనులు చేసి చూపించాడు. 1903లో స్థాపితమైన మ్యూనిక్ నగరపు డాయిచెస్ మ్యూజియంలో ఆస్కార్ ఫన్ మిల్లర్ సందర్శకుడే మీట నొక్కి, పిడి తిప్పి యంత్రాన్ని నడిపే ఏర్పాటు చేశాడు. 1960లలో బోస్టన్ బాలల ప్రదర్శనశాలను మైకేల్ స్పాక్, 1969లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎక్స్‌ప్లొరేటోరియంను ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ ఈ దారిలో ఇంకా ముందుకు నడిపారు. బ్రిటన్‌లో గనులు, మిల్లులు వరుసగా మూతపడుతున్న కాలం అదే. 1967లో ఐరన్‌బ్రిడ్జ్ ట్రస్టు, 1970లో బీమిష్ ఏర్పడ్డాయి. నిన్నటిదాకా కూలి ఇచ్చిన యంత్రం నేడు పాతసామాను అవుతుంటే, దాన్ని నడపడం తెలిసిన మనుషులు ఇంకా బతికే ఉన్నారు. ఆ ప్రదర్శనశాలలకు ప్రాణం పోసింది ఈ పరిస్థితే. నడిపేవాడు లేని యంత్రాన్ని అద్దంలో పెట్టడం తప్ప చేసేదేమీ ఉండదు.

బొలిన్ ఒడ్డున

మాంచెస్టర్‌కు దక్షిణాన, నేటి ఆ నగరపు విమానాశ్రయానికి ఆనుకొని, బొలిన్ అనే చిన్న నది లోయలో స్టయల్ ఉంది. బెల్‌ఫాస్ట్‌లో పుట్టి, మాంచెస్టర్ బట్టల వర్తకులైన మేనమామల ఇంట పెరిగిన సామ్యూల్ గ్రెగ్ 1784లో ఇక్కడ నూలుమిల్లు కట్టాడు. రిచర్డ్ ఆర్క్‌రైట్ 1769లో హక్కు పొందిన నీటిచట్రం, అంటే నీటిబలంతో నూలు వడికే యంత్రం, ఆధారంగా ఆ మిల్లు నడిచింది. నది పల్లానికి దూకే చోటు కావాలి గనుక మిల్లు ఊరికి దూరంగా వెలసింది. ఊరికి దూరమైనందువల్ల పనివారు దొరకలేదు. ఆ లోటును గ్రెగ్ పిల్లలతో పూడ్చుకొన్నాడు. పేదల పోషణ భారం మోసే పారిష్‌లు తమ అనాథాశ్రమాలలోని పిల్లలను కొంత సొమ్ము, బట్టలు ఇచ్చి మరీ మిల్లుకు అప్పగించేవి. పిల్లలు ఏళ్ళ తరబడి కట్టుబడి ఉండేటట్లు ఒప్పందపత్రం రాసేవారు. కూలి ఉండదు, తిండి, బట్ట, పడక, కొంత చదువు ఉంటాయి. వారి కోసం 1790లో కట్టిన అప్రెంటిస్ హౌస్ అనే వసతిగృహం ఇప్పటికీ చెక్కుచెదరక ఉంది. 1847లో ఈ పద్ధతి అక్కడ ముగిసింది.

మిల్లు తొలుత నూలు మాత్రమే తీసింది, 1838 నుంచి మరమగ్గాలను కూడా చేర్చింది. నీటిచక్రానికి తోడు 1810లో ఆవిరియంత్రం వచ్చింది. 1939లో వంశీకుడైన అలెగ్జాండర్ గ్రెగ్ మొత్తం ఆస్తిని నేషనల్ ట్రస్ట్ అనే వారసత్వ సంరక్షణ సంస్థకు దానమిచ్చాడు. వ్యాపారపు ఉత్పత్తి 1959లో ఆగింది. ఆ తరువాత మిల్లు ప్రదర్శనశాలగా మారింది. ఇవాళ అక్కడ తిరిగే పెద్ద నీటిచక్రం ఆ మిల్లుది కాదు. యార్క్‌షైర్‌లోని గ్లాస్‌హౌసెస్ మిల్లులో తిరిగిన చక్రాన్ని తెచ్చి ఇక్కడ అమర్చారు. ఇది చిన్న వివరం కాదు. సందర్శకుని చేతికి అందించే వస్తువులు సాధారణంగా అసలైనవి కావు, నకళ్ళో మరోచోటి నుంచి తెచ్చినవో అయి ఉంటాయి. అసలైన ఒప్పందపత్రం అరిగిపోకుండా భద్రంగా ఉండాలంటే అది చేతికి అందకూడదు. తాకదగినది అసలైనది కాకపోవడం, అసలైనది తాకరానిది కావడం ఈ తరహా ప్రదర్శనశాలలన్నిటినీ పీడించే చిక్కు. దానిని దాచకుండా చెప్పేవి కొన్నే.

ఏకు, పోగు, నాడె

మిల్లులో సందర్శన చేతిపని నుంచి మొదలవుతుంది. ఇనుప తీగముళ్ళు గుచ్చిన రెండు చెక్కపలకలను చేతికిస్తారు. ఒకదాని మీద దూది పరచి, రెండవదానితో ఎదురుగా దువ్వాలి. మొదటిసారి చేసేవారు గట్టిగా లాగుతారు, ముళ్ళు ఒకదానిలో ఒకటి చిక్కుకొంటాయి. బలం తగ్గించి, మణికట్టును వదులుచేస్తేగాని పోగులు ఒకే దిక్కుకు తిరగవు. అప్పుడు దూదిని చుట్టి తీస్తే మెత్తని వేలిమందపు చుట్ట వస్తుంది. తెలుగులో దీని పేరు ఏకు. 'ఏకులా వచ్చి మేకులా కూర్చున్నాడు' అనే సామెతను నిత్యం వాడేవారిలో ఏకును చేతబట్టి చూసినవారు ఈ తరంలో అరుదు. ఆ మెత్తదనం తెలియకుండా సామెతలోని ఎత్తిపొడుపు సగమే బోధపడుతుంది. మన నిఘంటువులు ఏకుకు 'దూదిచుట్ట' అన్న అర్థం ఇచ్చి సరిపెట్టుకొన్నాయి. పత్తి గింజ తీయడం, ఏకడం, వడకడం, ఆసు పోయడం, గంజి పెట్టడం, పడుగు పేకలను కలపడం అన్న వరుసలో ప్రతి పనికీ తెలుగులో స్వంత మాట ఉంది. ఆ మాటలన్నీ చేతి కదలికల నుంచి పుట్టినవే. చేతి కదలిక పోతే మాటకు మిగిలేది పొడి అర్థం.

ఏకు తరువాత కదురు వస్తుంది. ఒక చేత్తో ఏకును సాగదీస్తూ మరొక చేత్తో కదురును తిప్పాలి. సాగదీయడం ముందైతే పోగు తెగుతుంది, తిప్పడం ముందైతే ఉండ కడుతుంది. ఒక చేతికి పట్టుబడేది ఒకే పోగు అన్నది ఇక్కడ అనుభవంలోకి వస్తుంది. పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండు నేతగాడు ఎదుర్కొన్న కష్టం ఇదే. 1733లో జాన్ కే కనిపెట్టిన ఎగురునాడె వల్ల నేత వేగం పెరిగింది, వడికే చేతుల వేగం పెరగలేదు. ఒక మగ్గానికి నూలు అందించాలంటే పలువురు వడకవలసి వచ్చేది. హార్‌గ్రీవ్స్ జెన్నీ, ఆర్క్‌రైట్ నీటిచట్రం, 1779 నాటి క్రాంప్టన్ మ్యూల్ ఒకదాని వెంట ఒకటి ఎందుకు వచ్చాయో పాఠ్యపుస్తకంలోని తేదీల పట్టిక చెప్పలేదు. తెగిన పోగును మూడుసార్లు అతికిన సందర్శకుడు చక్రం తిప్పగానే ఎన్నో కదుళ్ళు ఒక్కసారిగా తిరిగే జెన్నీ ముందు నిలబడినప్పుడు, ఆ యంత్రం చూసి సంబరపడిన వర్తకుని మనసూ అర్థమవుతుంది, దానిని విరగగొట్టిన వడికేవారి మనసూ అర్థమవుతుంది. చేతి ప్రదర్శన చేయగల ఉపకారంలో ఇది మేలైనది. కారణకార్య సంబంధాన్ని అది వేళ్ళకు నేర్పుతుంది.

మరమగ్గాల గదిలోకి వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. అక్కడ చేతికి పని లేదు. కంచె అవతల యంత్రం, ఇవతల సందర్శకుడు. శిక్షణ పొందిన మనిషి మీట నొక్కగానే నాడె అటూ ఇటూ దూసుకుపోతుంది, నేల అదురుతుంది. కొద్ది మగ్గాలు తిరిగితేనే పక్కవాని మాట వినిపించదు. వందల మగ్గాలు తిరిగే కొట్టాలలో లాంకషైర్ నేత స్త్రీలు పెదవుల కదలికను బట్టి మాట్లాడుకొనే భాష ఒకదాన్ని కల్పించుకొన్నారు. పనిలో అనేకులకు చెవుడు వచ్చేది. నూలుదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యేవి. పోగు పొడిబారి తెగకుండా గదులను ఉక్కగా, తేమగా ఉంచేవారు. కొత్త కండె వేసినప్పుడు నాడె కంటిలోనుంచి పోగును నోటితో పీల్చి లాగడం అక్కడి ఆనవాయితీ. దానిని 'నాడెను ముద్దాడటం' అనేవారు. ఒకే నాడెను పలువురు నోటబెట్టుకొనేవారు గనుక రోగాలు ఒకరి నుంచి ఒకరికి పాకేవి. ఏ ప్రదర్శనశాలా సందర్శకుని చేత ఆ ముద్దు పెట్టించదు, పెట్టించకూడదు కూడా. అయితే దీనివల్ల ఒక విషయం బయటపడుతుంది. చేయించి చూపదగిన పనులన్నీ హాని లేనివి, సరదాగా ముగిసేవి. హాని చేసే పనులను చెప్పడమే తప్ప చేయించడం కుదరదు. కనుక తాకి తెలుసుకొనే చరిత్ర ఎంత జాగ్రత్తగా కూర్చినా, గతాన్ని ఉన్నదానికన్నా కొంత మెత్తగానే చూపుతుంది.

ప్రీస్ట్‌లీ వేలు

ఈ మెత్తదనానికి విరుగుడు స్టయల్‌లో ఒక కాగితం రూపంలో ఉంది. 1806లో జోసెఫ్ సెఫ్టన్, థామస్ ప్రీస్ట్‌లీ అనే ఇద్దరు బాలురు మిల్లు నుంచి పారిపోయి లండను దాకా వెళ్ళారు. ఇద్దరూ హాక్నీ పారిష్ అనాథాశ్రమం నుంచి వచ్చినవారు. సెఫ్టన్‌కు పదిహేడేళ్ళు, ప్రీస్ట్‌లీకి పదమూడు. పట్టుబడిన తరువాత మిడిల్‌సెక్స్ న్యాయాధికారుల ఎదుట వారిచ్చిన వాఙ్మూలాలు నేటికీ నిలిచి ఉన్నాయి. ప్రీస్ట్‌లీ యంత్రం దగ్గర పనిచేస్తుండగా ఒక వేలు పళ్ళచక్రాలలో చిక్కి తెగిపోయింది. మిల్లు వైద్యుడు చికిత్స చేశాడు. ఆ తరువాత అతనికి తల్లి గుర్తుకు వచ్చింది, ఆమెను చూడాలనిపించింది. పారిపోవడానికి అతడు చెప్పిన కారణం అదే. సెఫ్టన్ ఫిర్యాదు మరొక తీరుది. తనను బడికి ఇంకా ఎక్కువసార్లు పంపించాలని అతడు కోరాడు, అదనపు పని వల్ల అది కుదరలేదు. తిండి, పడక, దుప్పట్ల గురించి ఇద్దరూ చెప్పిన వివరాలు నిష్ఠూరంగా లేవు. నిజానికి ఆ కాలపు మిల్లులతో పోల్చితే స్టయల్ మెరుగైనదే. వైద్యుడు పీటర్ హాలండ్‌ను నియమించి పిల్లలకు పరీక్షలు చేయించిన తొలి మిల్లులలో అది ఒకటి.

అదే ఈ వాఙ్మూలాల బరువు. క్రూరుడైన యజమాని కథ వినడం తేలిక, విన్నవారు అతణ్ణి తిట్టుకొని ఇంటికి వెళ్ళవచ్చు. ఇక్కడి యజమాని క్రూరుడు కాడు. బాలుడు తిండికి ఏడవలేదు. వేలు పోయింది, తల్లిని చూడాలనుకొన్నాడు. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా పని, మధ్యలో భోజనవిరామం, ఇది అప్పటి చట్టానికి లోబడినదే. శిష్య కార్మికుల పనిని పన్నెండు గంటలకు పరిమితం చేసిన 1802 నాటి చట్టం అప్పటికే అమలులో ఉంది. ఏది అన్యాయమో చట్టం చెప్పని చోట అన్యాయాన్ని ఎలా చూపించాలన్నది ప్రదర్శనశాలకు ఎదురయ్యే ప్రశ్న.

అప్రెంటిస్ హౌస్ దానికి తనదైన పద్ధతి ఎంచుకొంది. అక్కడ వస్తువుల పక్కన చీటీలు తక్కువ. మార్గదర్శకుడు గుంపును వెంటబెట్టుకొని, వారే ఆ పిల్లలైనట్లు గది గదికీ నడిపిస్తాడు. బెంచీల మీద కూర్చోబెట్టి పలకలిస్తాడు, ఇద్దరిద్దరు పంచుకొని పడుకొన్న ఇరుకు మంచాలను, గడ్డిపరుపులను చూపిస్తాడు. పిల్లలకు పెట్టిన గంజి చేతిలోకి తీసుకొని తినేటంత చిక్కగా ఉండేదని చెబుతాడు. మన లెక్కలో అది గంజి కాదు, సంకటి. ప్రదర్శనలో చూపే సంకటిని సందర్శకులైన పిల్లలు వేలితో పొడిచి చూసి నవ్వుతారు. ఆ నవ్వును తప్పుపట్టనక్కరలేదు. కాని మిల్లులో తెగిన పోగులు అతికే పని, కదిలే మ్యూల్ కింద దూరి దుమ్ము ఊడ్చే పని ఎవరు చేశారని అడిగినప్పుడు, 'మీ వయసువారే' అన్న జవాబు వినగానే ఆ గుంపు కొంతసేపు మౌనం వహించడం అక్కడ సాధారణం. వాఙ్మూలంలోని వేలు అప్పుడు తన వేలితో పోల్చుకోదగినది అవుతుంది. ఇక్కడ తాకిన వస్తువేదీ లేదు. అంతకు ముందు గదిలో దూది ఏకిన చేతులు గనుక ఆ మాట చెవినపడటంతో ఆగలేదు.

లేని చేతులు

మిల్లు చెప్పే కథలో ఇంకొన్ని చేతులు చాలాకాలం కనిపించలేదు. గ్రెగ్ కుటుంబానికి కరీబియన్ దీవి అయిన డొమినికాలో హిల్స్‌బరో అనే తోట ఉండేది. అక్కడ పనిచేసినవారు బానిసలు. బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 చట్టం తరువాత, బానిసలకు కాక యజమానులకు బ్రిటిష్ ప్రభుత్వం చెల్లించిన నష్టపరిహారంలో ఈ కుటుంబానికి కూడా వాటా అందింది. మిల్లుకు వచ్చిన దూదిలో అధికభాగం పందొమ్మిదవ శతాబ్దం తొలిసగంలో అమెరికా బానిసలు ఏరినదే. 2020లో నేషనల్ ట్రస్ట్ తన ఆస్తులకు వలసపాలనతోను, బానిసవ్యాపారంతోను ఉన్న సంబంధాలపై ప్రకటించిన నివేదికలో క్వారీ బ్యాంక్ కూడా ఉంది. ఆ నివేదిక మీద ఇంగ్లండులో పెద్ద దుమారమే రేగింది. సెలవునాడు పిల్లలతో వచ్చి దూది ఏకి పోయేవారికి ఇవన్నీ ఎందుకని కొందరు నిలదీశారు. చేతికి ఇచ్చిన ఆ దూది ఎవరు ఏరినదన్న ప్రశ్న ఆ పనిలోనే ఇమిడి ఉంది. దూది ఇచ్చి ప్రశ్న ఇవ్వకపోవడం చరిత్ర బోధన అనిపించుకోదు.

డొమినికా దాకా వెళ్ళిన ఆ కథ ఇంకా తూర్పుకు రావలసి ఉంది. మిల్లులో నేసే సాదా తెల్లగుడ్డ పేరు కాలికో. అది కోళికోడ్ ఊరిపేరు. అటువంటిదే మరొక పేరు 'మదపొల్లం'. కాలికోకు, మల్లుగుడ్డకు నడుమ నిలిచే సన్నని తెల్లబట్ట ఇది. గోదావరి వశిష్ఠ పాయ మీద, నరసాపురాన్ని ఆనుకొని ఉన్న మాధవాయిపాలెం ఇంగ్లీషు నోట పడి ఈ రూపు దాల్చింది. 1611లో మచిలీపట్నంలో కొట్టు తెరిచిన ఈస్టిండియా కంపెనీ అదే శతాబ్దంలో ఇక్కడికీ చేరింది. డెల్టాలో మాధవాయిపాలెం, బండమూరులంక, ఇంజరం అనే మూడు చోట్ల కంపెనీ వాణిజ్య కేంద్రాలుండేవి, వాటిలో మాధవాయిపాలెం ప్రధానం. చుట్టుపట్ల నేతగాళ్ళకు బయానాలిచ్చి బట్ట కొనుగోలు చేయడం వాటి పని. 1833లో కంపెనీ వ్యాపారం చాలించడంతో మాధవాయిపాలెం కేంద్రం మూతబడింది. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశం ఈ మాటను వివరిస్తూ, మదపొల్లం ఇప్పుడు ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చే ముఖ్యమైన సరుకు అని రాసింది. ఊరు ఇక్కడ, పేరు ఇక్కడిది, బట్ట మాత్రం లాంకషైర్ మరమగ్గాలది. యాభైమూడేళ్ళలో ఏకు మేకైన తీరు ఇది.

ఈ మార్పులో తాకడానికి ఉన్న పాత్రను విస్మరించరాదు. 1866లో ఇండియా వ్యవహారాల శాఖ మ్యూజియం అధికారి జాన్ ఫోర్బ్స్ వాట్సన్ భారతదేశపు బట్టల నమూనాలతో పద్దెనిమిది సంపుటాలు తయారుచేయించాడు. వాటిలో ఏడువందల నమూనాలున్నాయి. అవి బొమ్మలు కావు, అసలు బట్టనే కత్తిరించి అట్టలకు అతికించిన ముక్కలు. ఇరవై ప్రతులు సిద్ధం చేసి, పదమూడింటిని మాంచెస్టర్ మొదలైన బ్రిటిష్ పట్టణాలకు, ఏడింటిని ఇండియాకు పంపారు. మద్రాసు రాజధానిలోని నేతలు వాటిలో గణనీయంగా చోటుచేసుకొన్నాయి. ఆ సంపుటాలను వాట్సన్ సంచార పారిశ్రామిక ప్రదర్శనశాలలుగా భావించాడు. భారతీయుడు ఏ బట్ట, ఎంత పొడవున, ఏ అంచుతో, దేహాన ఎలా కడతాడో బ్రిటిష్ మిల్లుదారు వేళ్ళతో తడిమి తెలుసుకొని, అటువంటిదే నేసి అమ్మాలన్నది దాని ఉద్దేశం. చీరనూ, తలపాగానూ, ధోవతినీ అతడు శ్రద్ధగా వర్గీకరించాడు. ఆ శ్రద్ధను మెచ్చుకోకుండా ఉండలేము, దాని గమ్యాన్ని మరువనూ లేము. చేతితో తాకి నేర్చుకొనే ప్రదర్శనను విద్యావేత్తలు స్వేచ్ఛకు గుర్తుగా పొగుడుతారు. పందొమ్మిదవ శతాబ్దంలో అత్యంత సమర్థంగా పనిచేసిన స్పర్శ ప్రదర్శనలలో ఒకటి, నేతగాని చేతిపనిని అతని పోటీదారు చేతికి అందించినది. చేతికి ఇవ్వడం దానికదే మంచీ కాదు, చెడూ కాదు. ఎవరి పనిని ఎవరి చేతికి ఇస్తున్నారన్నది చూడాలి.

ఇదే ప్రశ్న తెలుగునాట స్థానిక ప్రదర్శనశాలలను తలపెట్టేవారి ముందూ ఉంది. స్టయల్‌లో పని చనిపోయిన తరువాత ప్రదర్శన పుట్టింది. మన దగ్గర అనేకచోట్ల పని ఇంకా బతికి ఉంది. యాదాద్రి భువనగిరి జిల్లా పోచంపల్లిలో పోగును నేయకముందే ముడులువేసి రంగులద్దే పని నేటికీ ఇళ్ళల్లోనే జరుగుతుంది. ఆసు పోయడంలో ఒక చీరకు వేలసార్లు చేయి అటూ ఇటూ ఆడించవలసి రావడం చూసి, తల్లి భుజం నొప్పికి తాళలేక చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసుయంత్రాన్ని తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ ఆసు గుంజల చుట్టూ పది నిమిషాలు పోగు తిప్పే అవకాశం సందర్శకునికి ఇస్తే అది వినోదమే, భుజం నొప్పి పదో నిమిషాన రాదు. నొప్పి ఎన్నేళ్ళకు వస్తుందో చెప్పవలసినది నేతగత్తె. స్టయల్‌లో ప్రీస్ట్‌లీ తరఫున కాగితం మాట్లాడుతుంది. ఇక్కడ మనిషే ఉంది గనుక ఆమెను మాట్లాడించాలి, మాట్లాడిన సమయానికి ఆమెకు కూలి కూడా కట్టివ్వాలి.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఈ తేడా మరింత స్పష్టం. అక్కడి స్త్రీలు కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. సన్నని పళ్ళు వరుసగా ఉండే ఆ ఎముకకు పుల్ల పిడిగా కట్టి, గింజ మీద ఉన్న పత్తినే దువ్వి శుభ్రం చేస్తారు. తరువాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద నూరో నంబరు నూలు దాకా తీస్తారు. స్టయల్‌లో సందర్శకునికి ఇచ్చే ముళ్ళపలక ఏ పని చేస్తుందో దాదాపు ఆ పనినే ఇక్కడ చేప దవడ చేస్తుంది, అంతకన్నా సుతారంగా చేస్తుంది. చెషైర్‌లో ఆ పలక పిల్లల చేతులలో రోజంతా మారుతుంటుంది, సాయంత్రం దానిని కొక్కేనికి తగిలిస్తారు. పొందూరులో ఒక్కొక్క దవడ ఒక్కొక్కరిది. అది అరిగితే మరొకటి కొనుక్కోవాలి. చూడవచ్చినవారి చేతికి దానిని ఇచ్చినంతసేపు ఆ రోజు ఏకుల లెక్క తగ్గుతుంది.